ఆదర్శ మోకాలు

మనిషికి మోకాళ్లు ఇచ్చినవాడు దేవుడే కావచ్చు గానీ, వాటిని వంచుకోవడానికి అనుమతి ఇచ్చే అధికారం మాత్రం ఈమధ్య ఆదోనిలో ఒక మేడ మీది మూడో అంతస్తుకు బదిలీ అయింది. ఈ బదిలీ సంగతి దేవుడికి తెలియజేశారో లేదో తెలియదు (తెలియజేసినట్టు రసీదు అయితే లేదు). కింద పత్తి విత్తనాల అంగడి, దానిమీద కుట్టుపని క్లాసులు, ఆ పైన 'నిత్యనూతన చర్మ, కీళ్ల సంక్షేమ కేంద్రం'. లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులవాళ్లు మెట్లెక్కి పైకి చేరుకుంటే నొప్పి లేనట్టు లెక్క. చేరుకోలేకపోతే హాజరు కానట్టు లెక్క. ఈ రెండూ కాని మూడో రకం మనుషులు ఉంటారని కేంద్రం ఇంతవరకూ ఒప్పుకోలేదు.

ఆ మూడో రకం మనిషి దానమ్మ. రెండో అంతస్తు మలుపులో గోడకు వీపు ఆనించి, కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. పైకి పోవడానికి మోకాళ్లు ఒప్పుకోవడం లేదు, కిందికి పోవడానికి మనసు ఒప్పుకోవడం లేదు. ధ్రువపత్రానికి అదే ఆఖరి రోజు. మరునాడు పొద్దున్నే లారీ. ఆమె ఆ మెట్ల మీద ఎందుకు కూర్చోవలసి వచ్చిందో తెలియాలంటే ముందు ఆ లారీ సంగతి తెలియాలి.

ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య వానలు మాట మీద నిలబడే రకం కావు. మేఘం వచ్చి ఒకసారి ముఖం చూపించి, ఊరందరి చేతా విత్తనాలు వేయించి, మెల్లగా కర్ణాటకలోకి జారుకుంటుంది. అందుకని క్రిస్మస్ పండగ అయిందంటే చాలు, దానమ్మా ఆమె మొగుడు గిడ్డయ్యా ఇంటికి తాళం వేసి సుగ్గికి పోతారు. సుగ్గి అంటే గుంటూరు పక్క మిరపకాయల కోతకు వలస పోవడం. ఆ కోతల్లో తెచ్చుకున్నదే మిగతా ఏడాదంతా ఇంట్లో గింజలు. అది లేకపోతే ఏడాది లేదు.

లారీలో చోటు జతకే. ఒకరు కోయాలి, ఒకరు మూటలు మోయాలి. జతలో ఒకరు ఆగిపోతే రెండోవారు కూడా దిగిపోవాలి. ఇది మేస్త్రీ ఉచ్చీరప్ప కొత్తగా పెట్టిన నియమం కాదు, ఆయన తండ్రి మేస్త్రీగా ఉన్ననాటి నుంచీ వస్తున్న పద్ధతి. ఆ ముఠాలో దానమ్మది ముందు సాలు. ఆమె చెయ్యి ఎంత వేగంగా నడిస్తే వెనక ఉన్నవాళ్ల చేతులు అంత వేగంగా నడవాలి. ఈ సంగతి ఆమెకు తెలుసు, కాస్త గర్వం కూడా ఉంది. గర్వం తగదని ఆదివారం పాస్టరుగారు చెప్తారు, ఆమె ఒప్పుకుని వదిలేస్తుంది, సోమవారానికి అది దారి వెతుక్కుంటూ మళ్లీ ఇంటికి వచ్చేస్తుంది.

పోయిన సుగ్గిలో ఏదో తోటలో ఎవరో కూలిమనిషి సాలులో కూర్చుని లేవలేకపోయింది. తోటల యజమానుల సంఘం అత్యవసరంగా సమావేశమై తీర్మానం చేసింది. ఆమెకు ఏమైందన్నది ఆ తీర్మానంలో లేదు. సాలు ఆగిపోయిందన్నది ఉంది. ఇకమీదట లారీ ఎక్కే ప్రతి మోకాలికీ ధ్రువపత్రం ఉండి తీరాలని సంఘం నిర్ణయించింది (మోకాలి వెంట వచ్చే మనిషి విషయంలో సంఘానికి పట్టింపు ఏమీ లేదు).

ధ్రువపత్రాలిచ్చే పని నిత్యనూతన కేంద్రానికి దక్కింది. అంతకుముందు ఆ కేంద్రం పెళ్లికూతుళ్లకు మొహం మెరవడానికి కొల్లాజెన్ పొడి అమ్ముకుంటూ ఉండేది. చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచేదీ, కీళ్లను అరిగిపోకుండా కాచేదీ ఒకే పదార్థమని వాళ్ల దగ్గర రంగుల పుస్తకం ఒకటి ఉంది. పదార్థం ఒకటే గనుక మొహం చూస్తే మోకాలు తెలిసిపోతుందని కేంద్రం తేల్చింది. అందుకోసం 'కీలుమిత్ర' అనే యాప్ పుట్టింది. ఫోను మొహం ముందు పెడితే మోకాలికి మార్కులు వేస్తుంది. అరవై దాటితే లారీ, దాటకపోతే డబ్బా.

డబ్బా మీద ఒక సగం నవ్వుతున్న అమ్మాయి చెంప, ఇంకో సగం ఎర్రగా మండుతున్న మోకాలు. లోపల మామిడిపండు వాసన వేసే తెల్లని పొడి. పశువుల తోళ్లు, ఎముకలు, చేప పొలుసుల నుంచి తీస్తారట. (ఇదివరకు ఆదోనిలో మేకకాళ్లు చవగ్గా దొరికేవి, మోకాళ్లు పట్టేస్తే దానమ్మ తెచ్చి సూపు కాచుకునేది. ఇప్పుడు ఆ కాళ్లన్నీ పొడి కావడానికి పోతున్నాయని మాంసం అంగడివాడు చెప్తాడు.) ఉరుకుంద ఈరన్న స్వామి భక్తులు శ్రావణమాసంలో నీసు ముట్టరు కనుక వాళ్ల కోసం ఆకుపచ్చ మూతతో ప్రత్యేకమైన డబ్బా కూడా తెచ్చారు. అందులో కొల్లాజెన్ ఉండదు. రెండు డబ్బాల ఫలితాల్లో వీసమెత్తు తేడా లేదని కేంద్రం సగర్వంగా ప్రకటించింది.

ఊళ్లో కేంద్రం తరఫున 'మోకాలి మిత్ర' కవిత. దానమ్మకు వరసకు కోడలు. ఎమ్మిగనూరులో డిగ్రీ చదివి, ఆ డిగ్రీకి సరిపడే పని ఏదీ ఎదురుపడక ఈ పనిలో చేరింది. చెడ్డపిల్ల కాదు. ఫోను పట్టుకుని ఇంటింటికీ తిరిగి మొహాలు తీసుకుంటూ ఒక పొద్దున దానమ్మ ఇంటికి వచ్చింది.

"అత్తా, కదలద్దు. కండ్లు పెద్దగ తెరువు."

"నొప్పి మోకాళ్లల్ల పాపా. కండ్లల్ల కాదు."

"యాప్‌కు అంతా తెలుసత్తా, నువ్వు సూడు."

యాప్ చూసింది. చిన్నప్పటి నుంచీ పడిన ఎండ, పొయ్యి పొగ, నవ్విన గీతలు, నవ్వలేకపోయిన గీతలు అన్నీ చూసి, "మీ మోకాలి వయసు డెబ్భై నాలుగు. మార్కులు ఇరవై మూడు. దిగులు పడకండి" అని తియ్యని ఆడగొంతుతో చెప్పి, వెంటనే డబ్బా బొమ్మ చూపించింది.

"యాభై ఏండ్లొచ్చినా నా మొగాన్ని ఎవురూ ఇట్ల తిట్టల్యా" అంది దానమ్మ. ఆమెకు నిజంగానే మనసు చివుక్కుమంది.

గడపలో కూర్చున్న గిడ్డయ్యకు ఉత్సాహం వచ్చింది. "నాది గూడ సూడమ్మా, అదేందో" అని ముందుకు వంగాడు. గిడ్డయ్య గడ్డం గీసి చాలా రోజులైంది. ఆ గడ్డం వెనక ముడతలేవీ కనిపించక యాప్ ఆయనకు అరవై నాలుగు వేసింది. గిడ్డయ్య ఆ పూటంతా గడ్డం నిమురుకుంటూ తిరిగాడు.

"డబ్బా తీస్కో అత్తా" అంది కవిత. "ఒక్కో డబ్బాకు పది మార్కులు కలుస్తాయి."

"తాగితేనా?"

"కొంటే అత్తా. తాగేది నీ ఇష్టం."

దానమ్మ పెట్టకోడిని అమ్మి ఒక డబ్బా కొంది. కొన్నాక ఊరికే పెట్టడం ఆమె స్వభావం కాదు కనుక నియమప్రకారం తాగింది. నియమాలు డబ్బా మీదే ఉన్నాయి: పరగడుపున, గోరువెచ్చని నీళ్లలో, ఒక గరిటె పొడి, నిమ్మరసం పిండుకుని, ప్రశాంతమైన మనసుతో. గరిటె డబ్బాలోనే ఉంటుంది, అడుగున, పొడిలో పూడుకుని. జొన్నగిరి పక్క నేలలో వజ్రాలు వెతికేవాళ్లకు అప్పుడప్పుడూ ఏదో ఒకటి మెరుస్తుంది గానీ, ఈ డబ్బాలో మోచేతి దాకా పొడి అంటకుండా గరిటె దొరికినవాళ్లు లేరు. డబ్బా అయిపోయేసరికి దానమ్మ గోళ్లు కాస్త పెరిగినట్టు అనిపించింది. మోకాళ్లు ఎప్పటిలాగే కూర్చునేటప్పుడు ఒకసారి, లేచేటప్పుడు రెండుసార్లు చప్పుడు చేశాయి. మార్కులు ముప్పై మూడు.

అదే ఊళ్లో లక్ష్మప్ప ఉన్నాడు. రెండేళ్ల కిందట బావి మెట్ల మీద జారి పడ్డప్పటి నుంచీ కర్ర లేనిదే వాకిలి దాటడు. అతను వాయిదాల మీద వరసగా డబ్బాలు తీసుకున్నాడు. మార్కులు తొంభై ఒకటికి చేరాయి. అంతటి మోకాలు ఊళ్లో ఇంకెవరికీ లేదు కనుక ముందు సాలు అతనికే ఇవ్వాలని సంఘం నుంచి మేస్త్రీకి కబురు వచ్చింది. ఆ సాయంత్రం లక్ష్మప్ప కర్ర పొడుచుకుంటూ దానమ్మ ఇంటికి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"అక్కా, నన్ను లారీలోకి నలుగురు ఎత్తి పెట్టాల. దించేదానికి ఇంగో నలుగురు. నేను ముందు సాలంట" అన్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో చెప్పడం కష్టం.

మేస్త్రీ ఉచ్చీరప్ప కూడా అదే సమయానికి వచ్చాడు. పెద్దమనిషి, మాట తక్కువ.

"దానమ్మా, నీ సెయ్యి నేను ఇరవై ఏండ్లుగా సూస్తాండా. నువ్వు లేకుంటే ముఠా ముఠాలాగ ఉండదు. కానీ ఈ పొద్దు నా మాటకు విలువల్యా. ఫోను సెప్పాల" అన్నాడు.

"ఫోను వచ్చి కాయలు కోస్తాదా అన్నా?"

"కోయదు. అయినా అదే సెప్పాల."

ఇంతలో ఊళ్లో ఆడవాళ్లు ఒక కిటుకు కనిపెట్టారు. మొహానికి దట్టంగా పౌడరు అద్దుకుని ఫోను ముందు కూర్చుంటే మోకాలి వయసు పాతికేళ్లకు దిగిపోతోంది. ఒక్క వారంలో చుట్టుపక్కల ఊళ్లలో పౌడరు దొరకలేదు. కేంద్రం మేలుకుని ఉత్తర్వు జారీ చేసింది: 'మొహం ద్వారా మోకాలిని నిర్ధారించే విధానానికి మొహం వల్ల ఆటంకాలు కలుగుతున్నందున, కోతకు పోవువారు ఇకపై మోకాలినే నేరుగా చూపించవలెను. ఎడమ మోకాళ్లు మంగళవారం, కుడి మోకాళ్లు గురువారం. రెండింటిలో మెరుగైనది పరిగణింపబడును. పౌడరుకు ముందు అరవై దాటినవారి మార్కులు చెల్లును.' రెండు మోకాళ్లూ ఒకే రోజు వెంటబెట్టుకుని వచ్చినవాళ్లను క్రమశిక్షణ లేనివాళ్లుగా భావించి తిప్పి పంపారు. చిప్పగిరి నుంచి ఒకాయన, సి.బెళగల్ నుంచి ఒకామె అట్లా రెండేసి సార్లు బస్సెక్కారు.

మంగళవారం దానమ్మ ఎడమ మోకాలికి ఇరవై ఆరు వచ్చాయి. 'నలుపు, గరుకు, మడత' అని యాప్ కారణం చూపించింది. పెళ్లికూతుళ్ల చెంపలు చూసి చూసి పెరిగిన యాప్ అది. నున్నగా, బిగువుగా, మెరుస్తూ ఉండేదే మోకాలు అని దాని నమ్మకం. నేల మీద కూర్చుని బతికిన మోకాలిని అది ఎన్నడూ చూడలేదు. కొన్న డబ్బాకు పది కలిపినా ముప్పై ఆరు. మిగిలింది గురువారం, కుడి మోకాలు. ఆ గురువారమే దానమ్మ మెట్ల మలుపులో కూర్చుని ఉన్నది.

"యాల ఈడ కూసున్నావ్? లెయ్, పోదాం" అన్న మాట కింది నుంచి వినిపించింది. ఉచ్చీరప్ప మెట్లెక్కి వస్తున్నాడు. తలమీద ఒక్క వెంట్రుక లేదు. సుగ్గికి లారీ కదిలే ముందు రోజు మేస్త్రీ ఉరుకుంద పోయి, కోతకు పోయే మనుషులంతా క్షేమంగా తిరిగి రావాలని ముఠా తరఫున ఈరన్న స్వామికి తల ఇచ్చి రావడం వాళ్ల ఆచారం. ముఠాలో సగంమంది చర్చికి పోయేవాళ్లే అయినా ఆ తల తమ అందరిదీ అనే అనుకుంటారు. పొద్దున్నే గీయించుకున్న గుండు మెట్ల కిటికీ వెలుతురులో తళతళలాడుతోంది. ఆయన చెయ్యి అందిస్తే దానమ్మ పట్టుకుని లేచింది, ఒక్కో మెట్టూ తిట్టుకుంటూ ఎక్కింది.

పైన మండల మోకాలి అధికారి హరికృష్ణ బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. గదిలో ఇంకో కుర్చీ లేదు (కుర్చీ అడిగినవాళ్లకు అయిదు మార్కులు కోత). గోడ వారన నేల మీద కూర్చోవాలి. దానమ్మ కూర్చుంది, పక్కనే ఉచ్చీరప్ప కూర్చున్నాడు. కవిత ఎదురుగా గొంతుక్కూర్చుని ఫోను తెరిచింది.

"అత్తా, సీర కొంచెం పైకి జరుపు. మోకాలు కనపడాల."

దానమ్మ సిగ్గుపడుతూ మోకాలి దాకా చీర జరిపింది. పరాయి ఆడమనిషి మోకాలు చూడడం ఉచ్చీరప్ప పుట్టిన ఇంట లేదు. ఆయన గబుక్కున మొహం తిప్పుకుని, ఇంకా చాలదనుకుని తల పూర్తిగా కిందికి దించేశాడు. దించిన తల సరిగ్గా దానమ్మ మోకాలి పక్కకు వచ్చింది. కవిత వేలు అప్పటికే నొక్కేసింది.

ఫోను గణగణ గంట కొట్టింది. తెర మీద పూలు రాలాయి. "అభినందనలు దానమ్మ గారూ! తొంభై ఎనిమిది! ఇంత నున్నని, బిగువైన, నిగనిగలాడే మోకాలు మా దృష్టికి రావడం ఇదే మొదటిసారి" అంది ఆడగొంతు. బోడిగుండుకూ మోకాలికీ ముడి వేయడం అయ్యే పని కాదని మన పెద్దలు సామెతగా వదిలేశారు. ఆ పని ఆ పూట ఆదోనిలో పూర్తయింది.

కవిత తెర చూసింది, గుండు చూసింది, మళ్లీ తెర చూసింది. "సార్, ఇది..."

"యాప్ తప్పు చెప్పదమ్మా" అన్నాడు హరికృష్ణ తల ఎత్తకుండా. "నమోదు చేయండి."

దానమ్మకు సంగతి అర్థమైంది. నోరు తెరిచింది. లారీ కళ్ల ముందు కదిలింది. దేవుణ్ణి మనసులో క్షమించమని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగకుండా నోరు మూసుకుంది.

తర్వాత మేస్త్రీ వంతు. మేస్త్రీలు వంగరు కనుక వాళ్లకు మొహమే చాలునని నియమం. కవిత ఫోను ఉచ్చీరప్ప మొహం ముందు పెట్టింది. మొహానికి పైన గుండు కూడా పడింది. ఈసారి ఫోను గంట కొట్టలేదు, ఎర్రగా వెలిగింది.

"ఈ మోకాలు దానమ్మ గారి పేరిట నమోదై ఉన్నది. యజమాని అనుమతి లేకుండా దీనిని తరలించరాదు."

హరికృష్ణ ఇప్పుడు తల ఎత్తాడు. ఉచ్చీరప్పను చూశాడు. అధికారి మొహంలో అనుమానం కనిపించలేదు, ఎందుకంటే దరఖాస్తులో అనుమానానికి గడి లేదు. కాసేపు నియమావళి తిరగేసి, "అభ్యంతరం లేదని ఆమె ఒక సంతకం పెడితే సరిపోతుంది" అన్నాడు.

"నా తలకాయ నేను తీస్కపోయేదానికి నీ అనుమతి గావాల్నంట దానమ్మా" అన్నాడు ఉచ్చీరప్ప.

"తీస్కపో అన్నా. ఎండ తగలనీయద్దు, జాగర్త."

తన మోకాలిని కోతల కాలం ముగిసేదాకా ఉచ్చీరప్ప భుజాల మీద ఉంచడానికి తనకు ఎటువంటి అభ్యంతరమూ లేదని దానమ్మ సంతకం పెట్టింది. మెట్లు దిగేటప్పుడు ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె అంత గట్టిగా నవ్వి చాలా కాలమైంది, మోకాళ్ల నొప్పి కూడా ఆ కాసేపు గుర్తుకు రాలేదు.

మరునాడు పొద్దున ఊరి ముందర లారీ ఆగి ఉంది. మూటలు, వంటసామాను, చాపలు పైకి చేరాయి. దానమ్మ గిడ్డయ్య చెయ్యి పట్టుకుని ఎక్కి, తనకు ఎప్పుడూ ఉండే చోట, క్యాబిన్ వెనక, కూర్చుంది. ఇంటి తాళంచెవి కొంగున కట్టుకుంది. లక్ష్మప్పను నలుగురు కలిసి ఎత్తి పెడుతూ ఉండగా ఒక కారు వచ్చి ఆగింది. అందులోంచి హరికృష్ణ పూలదండతో దిగాడు. వెనకే కవిత ఒక పెద్ద అట్టపెట్టె మోసుకుంటూ దిగింది. ఎవరి వంకా చూడడం లేదు.

"దానమ్మ గారూ, డివిజన్ మొత్తంలో మీదే అత్యధికం" అని హరికృష్ణ కింద నిలబడి చదివాడు. "మిమ్మల్ని ఈ ఏడాదికి 'ఆదర్శ మోకాలు'గా ఎంపిక చేయడమైనది. సంవత్సరానికి సరిపడా డబ్బాలు బహుమతి. ఆదర్శ మోకాలిని ఏడాది పాటు వంచరాదు, ఎండలో ఉంచరాదు, బరువు మోపరాదు, సరుకుల వాహనాల్లో ఎక్కించరాదు. దయచేసి దిగండి."

దానమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక లారీ అంచు పట్టుకుని కిందికి వంగింది.

"సార్, అది నా మోకాలు గాదు. మేస్త్రీ గుండు. ఏసయ్య సాచ్చిగ సెప్తాండా."

ఉచ్చీరప్ప రుమాలు తీసి తల వంచి చూపించాడు. "ఇదో సూడు సార్. ఇదే అది."

హరికృష్ణ అటూ ఇటూ చూసి లారీ దగ్గరికి జరిగాడు. ఆఫీసు తెలుగు అక్కడితో అయిపోయింది.

"మెల్లగ మాట్లాడక్కా. నేనూ ఎమ్మిగనూరోణ్నే, నాకు కండ్లు కనపడవా? గుండు అని రాస్తే తొంభై ఎనిమిది పోతాది, నీకు మొన్నటి ముప్పై ఆరే మిగులుతాది. లారీ ల్యా. మోకాలు అని ఉంచితే ఆదర్శం. అప్పుడూ లారీ ల్యా. యాది రాయమంటావో నువ్వే సెప్పు."

"లారీ ఉండేది యాదన్నా ఒకటి రాయి నాయనా. నీకు పున్నెముంటాది."

"అట్లాంటి గడి ల్యాదక్కా."

దానమ్మకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియని కోపం. ఎదురుగా ఉన్నది ఫోను పట్టుకున్న కోడలు, దండ పట్టుకున్న ఉద్యోగి, తల వంచుకున్న మేస్త్రీ. కోపానికి తగ్గ మనిషి అక్కడ ఒక్కడూ లేడు. ఆమె దిగింది. దిగేటప్పుడు ఆదర్శ మోకాలు రెండుసార్లు చప్పుడు చేసింది. జత పద్ధతి ప్రకారం, ఎవరూ చెప్పకుండానే, గిడ్డయ్య కూడా మూట తీసుకుని దిగాడు. దండ మెడలో పడింది. కవిత ఫోటో తీసింది, ఈసారి ఎవరి తలా అడ్డం రాకుండా చూసుకుని.

లారీ కదిలింది. ముందు సాలు లక్ష్మప్ప మూటల మీద పడుకుని వెళ్లాడు. ఉచ్చీరప్ప వెనక నిలబడి, ఊరు కనుమరుగయ్యేదాకా రుమాలు తలకు చుట్టుకోకుండా, దానమ్మ వంకే చూస్తూ పోయాడు. కేంద్రం రికార్డుల ప్రకారం దానమ్మ మోకాలు ఆ పొద్దు సుగ్గికి పోయింది. దానమ్మే ఉండిపోయింది.

ఇప్పుడు ఆదోనిలో పత్తి మార్కెట్టుకు పోయే దారిలో ఒక పెద్ద బోర్డు ఉంది. దానిమీద నున్నగా మెరిసే ఉచ్చీరప్ప గుండు, కింద 'దానమ్మ, కోత కూలి, వయసు యాభై. మరి మీ మోకాలు?' అన్న రాత. బోర్డు కట్టినప్పటి నుంచీ డబ్బాలకు గిరాకీ పెరిగిందని చెప్తారు. ఊళ్లో మిగిలినవాళ్లు ముసలివాళ్లు, ధ్రువపత్రం రానివాళ్లు. పని చేయించుకునేవాళ్లు లేరు కనుక పని లేదు. జొన్నల కుండ అడుగు కనిపించింది, తర్వాత అడుగు కూడా తుడుచుకోవడం అయింది. అట్టపెట్టెలో డబ్బాలు మాత్రం నిండుగా ఉన్నాయి.

"రెండు మూడు గరిటెలేసి గట్టిగ కలిపితే సంగటి లాగ అయితాదేమో సూడు" అన్నాడు గిడ్డయ్య ఒకరోజు. దానమ్మ కలిపి చూసింది. అవలేదు.

ఆదర్శ మోకాలు నియమాలు పాటిస్తున్నదీ లేనిదీ చూడడానికి నెలకోసారి కవిత రావాలి. వచ్చింది. గడపలో కూర్చుని ఫోను తెరిచి, తల ఎత్తకుండా ఒక్కో ప్రశ్నా అడిగింది. నిమ్మరసం పిండుకుంటున్నారా? లేదు, నిమ్మకాయ ఎక్కడిది. గోరువెచ్చని నీళ్లా? పొయ్యి వెలిగిస్తే కదా. ప్రశాంతమైన మనసా? దానమ్మ ఆ పిల్ల మొహంలోకి చూసి ఊరుకుంది. కవిత దానికి 'అవును' అని తనే నొక్కి, చివరి ప్రశ్న దగ్గర ఆగింది.

పరగడుపున తీసుకోవాలన్న నియమం మాత్రం ఆ ఇంట్లో మూడు పూటలా తూచా తప్పకుండా అమలవుతోంది.